మూడోసారి అడిగితే

"ఇది నీకు, ఇది నాకు" అంటూ జైనబీ పెరుగన్నం రెండు చిన్న ముద్దలు చేసి పళ్లెం అంచున పెట్టింది. మొదటిది సిద్రా నోట్లోకి పోయింది. రెండోది తన నోటిదాకా తీసుకెళ్లి "ఆమ్" అని పెద్దగా చప్పుడు చేసి, బుగ్గలు ఉబ్బించి నమిలింది. నమిలింది ఉత్త గాలినే. ముద్ద గుప్పిట్లోనే ఉండిపోయి, చెయ్యి కిందికి దిగేసరికి మళ్లీ పళ్లెంలో చేరి, తర్వాతి ముద్దగా సిద్రాకే పోయేది. ఒమాన్ దేశంలో, సీబ్‌లోని ఆ ఇంట్లో సిద్రాకు పళ్లు మొలిచినప్పటి నుంచీ ఆడుతున్న నాటకం ఇది. ఇన్నాళ్లూ ఒక్క ఆట కూడా తప్పలేదు.

"ఉత్తుత్తిదే!" అంది సిద్రా.

పిల్ల ఒమానీ పిల్ల. తల్లిదండ్రులతో అరబ్బీ, బడిలో ఇంగ్లీషు. జైనబీతో మాత్రం అచ్చం రాయచోటి తెలుగు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, అన్నంతోపాటు లోపలికి పోయింది.

"ఉత్తుత్తిది కాదు తల్లీ. తిన్న్యాను గదా."

"నోరు తెరువ్."

జైనబీ నోరు తెరిచింది. సిద్రా మెడ సాచి అటూ ఇటూ చూసి, దొంగను పట్టుకున్న పోలీసులా నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏం లే! నువ్వు ఎప్పుడూ తినవు. నేను చూస్తానే ఉండా."

"మింగేసినానే, ఇంగ యాడ కనపడుతుంది?"

"అబద్దం. నువ్వు తింటేనే నేను తింటా."

ఐదేళ్లకే ఇంత తెలివా అని జైనబీకి లోలోపల మురిపెంగానే ఉంది. కానీ పెరుగన్నం ఇంకా సగం మిగిలే ఉంది.

అంతలో సఫియా వంటింట్లోకి వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం ఆమెకు. జైనబీ కన్నా పదేళ్లు చిన్నదే అయినా, ఇళ్లల్లో పనిచేసేవాళ్లంతా యజమానురాలిని పిలిచినట్టే జైనబీ కూడా ఆమెను "మామా" అనేది. సఫియా ఫోను జైనబీ ముఖం ముందు పెట్టింది.

"చూడు జైనబ్. మత్రాలో ఒక పాత ఇంటిని ఇటలీ హోటల్ చేశారట. గురువారం సాయంత్రం పోదాం. నువ్వు శనివారం మీ ఊరికి వెళ్లిపోతున్నావు కదా. నీ కోసమే."

ఫోటోలో సున్నం వేసిన గోడ, చెక్కుడు పనితనం ఉన్న నీలిరంగు తలుపు, తలుపు పైన ఇత్తడి దీపం. ఆ తలుపు జైనబీకి తెలుసు. కొడుకు రియాజ్ ఉద్యోగంలో చేరిన రోజు, వీడియో కాల్‌లో, అదే తలుపు ముందు నిలబడి నల్ల యాప్రాన్ చూపించాడు.

ఆ మాట చెబుదామని నోటిదాకా వచ్చింది. సఫియా అప్పటికే హోటల్‌కు ఫోన్ కలిపి మాట్లాడుతోంది. తను, మొగుడు, ఇబ్రి నుంచి రాబోతున్న అత్తగారు, సిద్రా అని వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది. "నలుగురికి. కుర్చీ మాత్రం ఇంకొకటి వేయించండి, పాపను చూసుకునే ఆమె ఉంటుంది."

నీ కోసమే అన్న విందులో అందరికీ పళ్లెం ఉంది, ఎవరి కోసమో ఆమెకు తప్ప. అలాగని సఫియాను తిట్టుకోవడానికి జైనబీకి మనసు రాదు. మోకాళ్ల నొప్పులకు డాక్టర్ దగ్గరికి తనే కారులో తీసుకుపోయిన మనిషి. పండక్కి తనకు కొన్న అత్తరే జైనబీకీ కొన్న మనిషి. ఆమె ఏ పాపమూ ఎరగదు. జైనబీ బయట తినదని నమ్మింది, అంతే. అలా నమ్మించింది ఎవరంటే మాత్రం జైనబీ తలొంచుకోవాల్సిందే.

*

ఆరిన బట్టలు తెచ్చే మిషతో జైనబీ మిద్దె ఎక్కింది. దుప్పటి మడతపెడుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుంది.

"రియాజూ, గురువారం మావోళ్లు మీ హోటలుకు వస్తాండారు రా."

"మీ మామావోళ్లా? నువ్వూ వస్తాండావా?"

"పాప ఉండాది గదా. నేను లేంది తినదు."

అవతల నవ్వు, చిన్నప్పుడు బొంగరం గెలిస్తే నవ్వే నవ్వు. "నేను వచ్చినప్పట్నుంచీ రా అమ్మా, రా అమ్మా అని పిలిస్తే రానిదానివి! ఆ కుర్చీలూ, ముళ్ల చెంచాలూ మనకెందుకురా అంటివి. ఇప్పుడెట్ల వస్తావ్?"

"వాళ్లు తోలకపోతాండారు, వస్తాండా. ఒరే, ఇను. నన్ను తెలిసినట్టు ఉండాకు. అమ్మా గిమ్మా అని మీద పడాకు."

"ఎందుకంట?"

"నువ్వే చెప్తివి గదా, ఎవుడో రూమోళ్లకు ఉత్తపుణ్యానికి కేకు పెట్టినాడని తీసేసినారని. తెలిసినోళ్ల టేబులు చూడగూడదంట గదా. నీ ఉద్యోగం ఇంగా గట్టి కాలేదు. నేను శనివారం పోతాండాను, నువ్వు ఈడ బతకల్ల."

రియాజ్ గొణిగాడు. మేనేజర్ ఖమరుద్దీన్ సాబ్ ఆ విషయంలో నిప్పులాంటి మనిషే. "సరే, తెలీనట్టే ఉంటా. మరి నీకేం పెట్టమంటావ్?"

"నాకేం వొద్దు నాయనా."

"ఒకటి."

"ఏంది ఒకటి?"

"ఒకసారి వొద్దన్న్యావు. ఇంగ రెండుసార్లు అడిగితే గదా నువ్వు సరే అనేది!"

జైనబీ పకపకా నవ్వింది. అది వాళ్లమ్మ నేర్పిన పాఠం. ఎవరింట్లోనైనా తింటావా అని అడిగితే మొదటిసారికే ఊ అంటే ఆకలిగొట్టు ముఖమంటారు. రెండోసారీ వద్దంటే మర్యాదస్తురాలంటారు. మూడోసారి కూడా వద్దంటే తలబిరుసంటారు. కాబట్టి మూడోసారికి కూర్చోవాలి. వాళ్ల ఊళ్లో ఇది పెట్టేవాళ్లకూ తెలుసు, తినేవాళ్లకూ తెలుసు. పెట్టేవాళ్లు మూడుసార్లు అడగకపోతే అది పిలుపే కాదు.

"పనిలో చేరిన కొత్తల్లో, సముద్రం పక్కన చేపల హోటలుకు తోలకపోయినారు రా," అంది జైనబీ, దుప్పటి అంచు సరిచేస్తూ. "మామా నన్ను చూసి, జైనబ్ నువ్వు తింటావా అనింది. మర్యాదకు వొద్దు మామా అంటి. ఇంగోసారి అడుగుతుందిలే అని కూచుంటి."

"అడగలేదా?"

"ఆరేండ్లు అయిపాయ. ఇంగా అడగలా."

రియాజ్ పడీ పడీ నవ్వాడు. తల్లీ నవ్వింది. ఇద్దరి నవ్వూ ఒకేసారి ఆగింది.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వయినా అడగొచ్చు గదమ్మా, నాకూ ఆకలవుతాండాది అని?"

"నోరెట్ల వస్తుందిరా? ఒకసారి వొద్దనేస్తి గదా."

రియాజ్ గొంతు తగ్గింది. "ఈడా అంతే అమ్మా. ఎంతమంది వస్తారని అడిగి, పిల్లల్ని ఎత్తుకున్నోళ్లను తీసేసి ప్లేట్లు పెట్టమని ఖమరుద్దీన్ సాబ్ నేర్పించినాడు. నేనూ అట్లనే పెడతాండా. ఎన్ని టేబుళ్లకు పెట్టినానో. నువ్వు కూడా యాడో అట్ల కూచోనుంటావని నాకు ఒక్కరోజూ తలపుకు రాలా."

"అదేమంత పెద్ద విషయంరా. నేను ఇంటికొచ్చి తింటానే."

"శనివారం పోయే లోపల నువ్వు నా చేతి బువ్వ తినల్ల. ఎట్ల తినిపిస్తానో చూడు."

"ఏం ఏషాలెయ్యాకు!" అంది జైనబీ. అప్పటికే ఫోన్ పెట్టేశాడు. ఆమె బట్టల గంప ఎత్తుకుని దిగుతూ, చాలాకాలం తర్వాత, గురువారం ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించింది.

*

బుధవారం పొద్దున్నే ఇబ్రి నుంచి పెద్దామె దిగింది. ఖర్జూరాల డబ్బా, తేనె సీసా, తనకు తప్ప ఎవరికీ నచ్చని ఒక పాత దిండు వెంట తెచ్చుకుంది. ఆమె వస్తే జైనబీకి పని పెరుగుతుంది, మనసు తేలికవుతుంది. జైనబీ పెట్టె సర్దుకుంటున్న గదిలోకే వచ్చి, కింద చాప మీద చతికిలబడి, తన చేత్తోనే కాఫీ పోసింది.

"తాగు."

"చాలు పెద్దమ్మా, పొద్దున్నే తాగాను," అంది జైనబీ అరబ్బీలో.

"నేనడిగానా, పొద్దున తాగావా లేదా అని?" పెద్దామె మళ్లీ పోసింది. చిన్న కప్పు చేతిలో పట్టుకుని అటూ ఇటూ ఊపితేనే చాలని అర్థం. అలా ఊపేదాకా ఆమె పోస్తూనే ఉంటుంది. జైనబీ నోటితో వద్దు వద్దంటూనే మూడు కప్పులు తాగి, అప్పుడు ఊపింది. పెద్దామె బోసినోటితో నవ్వింది. "చూశావా? నోటి మాట నమ్మితే మనిషి ఎండిపోతాడు."

పెట్టెలో సిద్రా తన గౌను ఒకటి తెచ్చి పడేసింది. జైనబీ తీసి పక్కన పెట్టింది. పిల్ల మళ్లీ పెట్టింది. మూడోసారి జైనబీ దాన్ని మడతపెట్టి అడుగున సర్దుకుంది. గౌను మీద చెయ్యి కొంచెంసేపు అలాగే ఉండిపోయింది.

*

గురువారం సాయంత్రం మత్రా రేవు పక్కన కారు నిలిపేసరికి కొండ మీది కోటకు దీపాలు వెలిగించారు. బజారు సందుల్లోంచి సాంబ్రాణి పొగ తెరలు తెరలుగా వస్తోంది. సఫియా, ఆమె మొగుడు ముందు నడిచారు. పెద్దామె ఒక చేతిని పట్టుకుని, సిద్రా ఇంకో చేతిని పట్టుకుని, జైనబీ ఇద్దరి నడకకూ తన నడక కుదుర్చుకుంటూ వెనక నడిచింది. మెట్లు ఎక్కాక నీలి తలుపు కనిపించింది. ఫోన్‌లో చూసినదాని కన్నా చిన్నది. అందరూ తల వంచి లోపలికి పోవాల్సినంత చిన్నది.

లోపల ఇల్లు ఇల్లులానే ఉంది. ఖర్జూరపు దూలాల కప్పు, గోడ గూళ్లలో దీపాలు, నాలుగైదు బల్లలు. మూలన మట్టి పొయ్యి నోరు తెరుచుకుని ఎర్రగా వెలుగుతోంది. పిండి కాలే వాసన, వెన్న వాసన. ఏ దేశమైతేనేం, పొయ్యి పక్కన చోటు చోటే అనిపించింది జైనబీకి.

రియాజ్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. తల తడిపి దువ్వుకున్నాడు. చిక్కిపోయాడు. దవడ ఎముకలు కనిపిస్తున్నాయి. రూములో ఏం తింటున్నాడో ఏమో. "వెల్‌కమ్ సర్, వెల్‌కమ్ మేడమ్" అంటూ అందరికీ చెప్పి, జైనబీ వైపు ఒక్క చూపు చూసి, ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు చూపు తిప్పుకున్నాడు.

ఆమె చెప్పినట్టే చేశాడు. అయినా ముల్లు గుచ్చుకుంది.

పొయ్యి పక్క మూల బల్ల వాళ్లది. జైనబీ తన కుర్చీని జానెడు వెనక్కి జరుపుకుని, సిద్రా భుజం వెనక కూర్చుంది. జరపమని ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతట అదే జరిపింది. రియాజ్ ప్లేట్లు తెచ్చాడు. ఇంటాయనకొకటి, పెద్దామెకొకటి, సఫియాకొకటి, సిద్రాకొకటి. తర్వాత అయిదోది తెచ్చి, కుర్చీ వెనక్కి ఉన్నా సరే, జైనబీ ఎదురుగా బల్ల అంచున పెట్టాడు. పక్కన గుడ్డ రుమాలు మడతపెట్టాడు. ముళ్ల చెంచా సర్దాడు.

జైనబీ కళ్లతోనే వద్దంది.

"అది అక్కర్లేదు," అంది సఫియా తేలిగ్గా, మెనూలోంచి తలెత్తి. "ఆమె బయట తినదు. ఇంట్లో తింటుంది."

రియాజ్ చెయ్యి ప్లేటు మీద ఆగింది. వెనక కౌంటర్ దగ్గరి నుంచి ఖమరుద్దీన్ చూస్తున్నాడు. రియాజ్ చెంచా తీశాడు, రుమాలు తీశాడు, ప్లేటు తీశాడు. తన తల్లి ముందున్న పళ్లెం తన చేత్తోనే ఎత్తుకుపోయాడు. పోతూ పోతూ యాప్రాన్‌తో ఆ ప్లేటును ఎందుకో ఒకసారి తుడిచాడు. దానికి మచ్చే లేదు. జైనబీ ఆ వీపును చూడలేక సిద్రా జడ విప్పి మళ్లీ అల్లింది.

పెద్దవాళ్లకు పొడుగు సేమ్యా లాంటివీ, రొయ్యలవీ వచ్చాయి. ఇంటాయన ఫోన్ చూసుకుంటూ తిన్నాడు. పెద్దామె ముళ్ల చెంచాకు సేమ్యా చుట్టడం చేతకాక రెండుసార్లు ఒళ్లో పడేసుకుని, మూడోసారి చేత్తో తినేసింది. చివరన సిద్రాకు చిన్న పిజ్జా వచ్చింది. దాన్ని రియాజే తెచ్చాడు. కింద పెడుతూ, జైనబీ చెవికి దగ్గరగా వంగి, పెదాలు కదిలీ కదలనట్టు తెలుగులో అన్నాడు.

"ఆకులు పెట్టిన పక్క నీది అమ్మా. కారం ఉండాది. పాపకు పెట్టాకు."

పాప ఎంగిలి ఎలాగూ ఆయాలే తింటారు గనక, అందులోనే తల్లికి ఒక సగం దాచిపెట్టాడన్నమాట వెధవ! సిద్రా మాత్రం ఠక్కున తలెత్తింది. తన చెవులను తనే నమ్మలేనట్టు అతన్ని చూసి, సఫియా చెయ్యి పట్టి లాగి అరబ్బీలో అరిచింది.

"మామా! ఈయన జైనూలాగా మాట్లాడుతున్నాడు! జైనూ మాటలు!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా రియాజ్‌ను చూశారు. ఇంటాయన కూడా ఫోన్ దించాడు. కౌంటర్ దగ్గర ఖమరుద్దీన్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"మీ ఇద్దరిదీ ఒకే ఊరా అబ్బాయ్?" అని అడిగింది పెద్దామె.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రియాజ్ యాప్రాన్ తడుముకున్నాడు. తల్లి కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు చెప్పొద్దనే చెబుతున్నాయి.

"భాష ఒకటే పెద్దమ్మా," అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. "ఈమెను నేనెప్పుడూ చూడలేదు."

చెప్పమన్న మాటే చెప్పాడు. తప్పేం లేదు. మంచి కొడుకు. జైనబీ తనకు తానే ఇలా చెప్పుకుంటూ పిజ్జా ముక్క తుంచింది. కన్నకొడుకే నేనెప్పుడూ చూడలేదంటే వినడం ఎంత కష్టమో, అనమని చెప్పిన రోజు ఆమెకు తెలియలేదు.

"ఇది నీకు," అంది సిద్రాతో, ఆకులు లేని వైపు ముక్క పెడుతూ.

సిద్రా నోరు బిగించింది. "మొదట నువ్వు."

"తింటాలే తల్లీ. తిను."

"ఉత్తుత్తిది కాదు. నిజంగా. నేను చూస్తా."

"ఇందా, ఆమ్..."

సిద్రా ఆమె మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. గుప్పిట్లోకి జారబోతున్న ముక్కను పట్టేసింది. "శనివారం పోతావంట గదా. ఒక్కసారన్నా నిజంగా తిను, జైనూ."

జైనబీ చేతికందిన ముక్క, ఆకులున్న వైపు నుంచి తుంచి నోట్లో పెట్టుకుంది. వేడి పిండి, పైన తీగలా సాగే చీజు. దాని కింద, నాలుక వెనక్కి పోయేసరికి, భగ్గుమంది. తెల్లగడ్డ కారం. ఎండుమిరపకాయలు దోరగా వేయించి, తెల్లగడ్డలూ రాళ్ల ఉప్పూ వేసి, సఫియా వంటింట్లో తలుపు మూసుకుని తనే దంచి, రంజాన్ తర్వాత రువీలో కలిసినప్పుడు కొడుక్కి సీసా నిండా ఇచ్చిన కారం. వాడు దాన్ని ఇన్నాళ్లూ పొదుపుగా తిని, చివరి చెంచాలు ఆమెకే తిరిగి పెట్టాడు.

ఆమె నమిలింది. మింగింది. ఇంకో ముక్క తుంచుకుంది. ఆ తర్వాత ఇంకొకటి. తినకూడదని గానీ, ఎవరు చూస్తున్నారని గానీ గుర్తు రాలేదు. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదని కడుపుకు ఇప్పుడే గుర్తొచ్చింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కారానికే అని ఎవరైనా అనుకోవచ్చు.

"జైనూ నిజంగా తింటోంది!" అని సిద్రా చప్పట్లు కొట్టింది.

"జైనబ్?" సఫియా చెంచా కింద పెట్టింది. ఆశ్చర్యమే తప్ప ఆ గొంతులో కోపం లేదు. "నువ్వు బయట తినవు కదా?"

జైనబీ నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది.

"తినదని నీకెవరు చెప్పారు?" అని కోడలిని అడిగింది పెద్దామె.

"తనే చెప్పింది. చేపల హోటల్లో. తింటావా అని అడిగితే, వద్దంది."

"ఎప్పుడు?"

"వచ్చిన కొత్తల్లో."

"ఎన్నిసార్లు అడిగావు?"

పెద్దామె చేతి వేళ్లకంటిన నూనె నెమ్మదిగా రుమాలుకు తుడుచుకుంది.

"ఒక్కసారి," అంది సఫియా చివరికి, చిన్న గొంతుతో.

"ఆరేళ్లకు ఒక్కసారి." పెద్దామె కోడలిని ఇంకేమీ అనలేదు. అక్కర్లేకపోయింది. సఫియా ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఆమె బల్ల మీదున్న తన చేతిసంచిని తీసి ఒళ్లో పెట్టుకుంది. నీళ్ల సీసాను పక్కకు జరిపింది. జైనబీ ముందు ఒక పళ్లెం పట్టేంత చోటు ఖాళీ అయింది. పెద్దామె జైనబీ వైపు తిరిగింది. "తిను బిడ్డా. మాతో తిను."

"వద్దు పెద్దమ్మా, చాలు, పాపది తిన్నాను కదా," అంది జైనబీ.

అనేశాక నాలుక కరుచుకుంది. ఆరేళ్ల కింద ఒకటి, ఇప్పుడు రెండు. ఎంత మర్యాద, ఎంత పాడు మర్యాద! వాళ్లమ్మ బతికుంటే ఇప్పుడు మెచ్చుకునేదో, తల మీద మొట్టేదో.

రియాజ్ అయిదో ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. అతని వెనక ఖమరుద్దీన్ కూడా వచ్చి నిలబడ్డాడు. చీజు కింద ఎర్రగా కనిపిస్తున్న కారాన్ని, ఏడుస్తున్న ముసుగు మనిషిని, తన వెయిటర్ ముఖాన్ని మార్చి మార్చి చూస్తున్నాడు. జైనబీ కొడుకును చూసి తల అడ్డంగా ఊపింది. వద్దురా, ఆయన ఉన్నాడు, వద్దు.

ఈసారి రియాజ్ ఆ కళ్ల మాట వినలేదు.

"అమ్మా," అన్నాడు. గట్టిగానే అన్నాడు. "తింటావా?"

తెలుగు రానివాళ్లకు కూడా ఆ మొదటి మాట తెలిసినట్టుంది. పెద్దామె "ఆఁ" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. సఫియా జైనబీని చూసింది, రియాజ్‌ను చూసింది, ఆ దవడలు, ఆ నుదురు ఒకటేనని అప్పుడే పోల్చుకున్నట్టు చూసింది.

"కౌన్ హై యే?" అని అడిగాడు ఖమరుద్దీన్.

"మేరీ మా హై, సాబ్."

ఖమరుద్దీన్ బల్లకు జానెడు దూరంలో ఉన్న ఆ కుర్చీని చూశాడు. ఆయనకూ మొరాదాబాద్‌లో ఒక తల్లి ఉండే ఉంటుంది. గొంతు సవరించుకుని, పక్క బల్లలకు కూడా వినపడేటట్టు హిందీలో రియాజ్‌ను తిట్టడం మొదలుపెట్టాడు.

"అయిదుగురు కూర్చున్న టేబుల్‌కి నాలుగు ప్లేట్లా? నీకు లెక్క రాదా? ఇదేనా నేను నీకు నేర్పింది?"

నేర్పింది సరిగ్గా అదే. రియాజ్ ఆ తిట్లు పూలదండలా స్వీకరించి, "గలతీ హో గయీ సాబ్" అని తప్పు ఒప్పుకున్నాడు. ఖమరుద్దీన్ పక్క బల్లకు పోయాడు. కారం సంగతి ఆ రోజు మళ్లీ ఎత్తలేదు.

ప్లేటు ఇంకా రియాజ్ చేతుల్లోనే ఉంది. అడిగినదానికి జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఒకటి చేపల హోటల్లో, రెండు పెద్దమ్మ, మూడు కొడుకు. లెక్క సరిపోయింది. జైనబీ కొంగుతో ముఖం తుడుచుకుంది. కుర్చీ రెండు పక్కలా పట్టుకుని, దాని కాళ్లు నేల మీద కిర్రుమంటుంటే, ముందుకు జరిపింది. ఆ జానెడు దూరం పోయింది. బల్ల అంచు ఆమె పొట్టకు తగిలింది.

"పెట్టు నాయనా," అంది.

సఫియా తన పళ్లెంలోని రొయ్యలు జైనబీ పళ్లెంలోకి ఒంపింది. చాలు మామా అంటే వినలేదు. రెండోసారి చాలంటే, అత్తగారి వైపు ఒకసారి చూసి, ఇంకాస్త వేసింది. రియాజ్ ఆకుల వైపు ముక్కలన్నీ తల్లి పళ్లెంలో సర్ది, ఆమె భుజం మీద ఒక్క క్షణం చెయ్యి ఆనించి, పక్క బల్ల పిలుస్తుంటే పోయాడు.

జైనబీ పాప పిజ్జాలో ఆకుల్లేని వైపు నుంచి రెండు చిన్న ముక్కలు తుంచింది. "ఇది నాకు, ఇది నీకు" అని, మొదటిది తన నోట్లో పెట్టుకుంది. సిద్రా లేచి కుర్చీ మీద మోకాళ్లేసుకుని, ఆమె గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, లోపలికి తొంగి చూసింది. నాలుక కింద కూడా చూసింది. నిజంగానే మింగిందని ఖాయం చేసుకున్నాక, తను నోరు తెరిచింది.